సెకండ్ హ్యాండ్ కారు బేరం: ఎంత శాతం తగ్గించమనాలి?

ప్రశ్న: ఐదేళ్ల నాటి కారొకటి డీలర్ దగ్గర చూశాం, ఇంట్లో అందరికీ నచ్చింది. పది రోజుల క్రితం వెళ్లి రేటు తగ్గించమంటే "ఫిక్స్‌డ్ రేటండీ, సాయంత్రం ఇంకొకాయన అడ్వాన్స్ ఇవ్వడానికి వస్తున్నాడు" అన్నారు. మొన్న మళ్లీ వెళితే బండి అక్కడే ఉంది, మాట కూడా అదే. మా పాత కారు ఎక్స్‌ఛేంజ్‌లో తీసుకుంటారట. "నెలకి ఎంత కట్టగలరో చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం" అంటున్నారు. నాకు మొహమాటం ఎక్కువ, బేరమాడటం చేతకాదు. వాళ్లు చెప్పినదాంట్లో ఎంత శాతం తగ్గించమని అడగొచ్చు? ఐదా, పదా?

సమాధానం: రెండూ వద్దు. అసలు శాతం లెక్కే వద్దు. ఐదు శాతమో పది శాతమో దేని మీద కడుతున్నారు మీరు? వాళ్లు అద్దం మీద అంటించిన అంకె మీద. ఆ అంకె వేసింది వాళ్లే కదా. వచ్చేవాళ్లు ఎలాగూ పది అడుగుతారని ముందే పదిహేను కలిపి వేసి ఉండొచ్చు, లేదంటే నిజంగానే న్యాయమైన రేటు అయి ఉండొచ్చు. అద్దం బయట నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి పది శాతం తగ్గించారన్న సంతోషంతో ఇంటికొచ్చి కూడా మీరు ఎక్కువే కట్టి ఉండొచ్చు.

ఇది మీ ఒక్కరి బలహీనత కాదులెండి. టివర్‌స్కీ, కానమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో అచ్చువేసిన పరిశోధనలో ఒక తమాషా ప్రయోగం ఉంది. మనుషుల ఎదురుగా అంకెల చక్రం తిప్పి, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి సభ్య దేశాల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినవాళ్ల సమాధానాలు 25 దగ్గర తేలాయి, 65 దగ్గర ఆగినవాళ్లవి 45 దగ్గర. చక్రానికీ ఆఫ్రికాకీ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలుసు, అయినా ముందు కంట పడిన అంకె చుట్టూనే బుర్ర తిరిగింది. మరి పెద్దక్షరాల్లో, పైన ఇంకా పెద్ద రేటొకటి రాసి కొట్టేసి, కింద పెట్టిన అంకె ముందు మన బుర్ర ఏం ఆగుతుంది చెప్పండి.

అందుకే మీ అంకె ముందు తయారవ్వాలి, అదీ ఇంట్లో కూర్చుని. అదే మోడల్, అదే సంవత్సరం, అదే ఇంధనం, అవే గేర్లు, కిలోమీటర్లు కూడా కొంచెం అటూ ఇటూగా ఉన్న బండ్లు ఓ పదన్నా వెతికి రేట్లు ఒక కాగితం మీద రాసుకోండి. అవన్నీ అడుగుతున్న రేట్లే, అమ్ముడుపోయిన రేట్లు కావు, ఆ తేడా మర్చిపోవద్దు. వారం ఆగి మళ్లీ చూడండి, ఏవి మాయమయ్యాయో ఏవి తగ్గించి మళ్లీ పెట్టారో చూస్తే అసలు మార్కెట్ ఎక్కడుందో కొంత తెలుస్తుంది. ఆ తర్వాత ఇంకో పని చెయ్యండి, చాలామంది చెయ్యరు. అదే మోడల్ బండి మీరు అమ్మబోతున్నట్టు ఇంకో ఇద్దరు ముగ్గురు డీలర్లని వాకబు చెయ్యండి. కొంచెం నాటకమే, కానీ ఎవరికీ నష్టం లేని నాటకం. అప్పుడు డీలర్లు ఇలాంటి బండిని ఎంతకు కొంటారో తెలుస్తుంది.

మీ డీలర్ చెప్పిన రేటు 100 అనుకుందాం. బయట అలాంటి బండ్లకి 93 నుంచి 101 దాకా అడుగుతున్నారు, అదే బండి మీరు అమ్మితే 80, 82 ఇస్తామంటున్నారు. బయట అడిగే రేట్లు కూడా కొంచెం తగ్గేవే కాబట్టి, అసలు బేరమంతా 82కీ 96కీ మధ్యన జరగాలి, 100 నుంచి కిందికి కాదు. మధ్యలో ఉన్నదంతా డీలర్ దోపిడీ అనుకోకండి. బండి కొన్నాక చిన్నాచితకా రిపేర్లు చేయించాలి, కడిగించాలి, స్థలానికి అద్దె, పెట్టిన డబ్బుకి వడ్డీ, కాగితాల పని, వారంటీ ఇస్తే దాని రిస్కు, వీటన్నిటి మీద నాలుగు డబ్బులు మిగలాలి. ఆయనకి లాభం రాకూడదని పట్టుబడితే బేరం కుదరదు. కానీ ఆ లాభం ఎంతన్నది మాత్రం మాట్లాడుకోవాల్సిందే.

ఇక అసలు సంగతి బండి. మీ ఉత్తరంలో బండి గురించి ఉన్నది ఒకే ఒక్క ముక్క, "నచ్చింది" అని. మొహమాటస్తుడు బేరంలో గెలవాలంటే నోటికి పని తగ్గించి కాగితానికి పని పెంచాలి. "తగ్గించండి, ప్లీజ్" అనడానికి మీకు మొహమాటం, సరే. "ముందు టైర్లు రెండూ మార్చాలి, బ్రేకు ప్యాడ్లు అయిపోవచ్చాయి, ఇదిగో ఎస్టిమేట్" అని చెప్పడానికి మొహమాటం ఎందుకు? అది అడుక్కోవడం కాదు, ఉన్నది చదవడం.

టైర్ దగ్గరే మొదలుపెట్టండి, వంగి దాని పక్క గోడ మీద చూడండి. బోలెడు అక్షరాల మధ్య చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గడి కనిపించకపోతే టైర్ అవతలి వైపు ఉండొచ్చు. నాలుగూ చూడండి, స్టెప్నీ కూడా బయటికి తీయించి చూడండి. మీటర్ మీద 30,000 కిలోమీటర్లే ఉండి, టైర్లు నాలుగూ బండి కన్నా మూడేళ్లు తర్వాత తయారైనవైతే, అంత తక్కువ తిరిగిన బండికి టైర్లన్నీ ఎందుకు మార్చాల్సొచ్చింది అని అడగాల్సిందే. సరైన జవాబు ఉండొచ్చు. మీటర్ వెనక్కి తిప్పినదీ అయి ఉండొచ్చు. అప్పుడు బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద తోలు, డ్రైవర్ సీటు అంచు చూడండి. మీటర్ని తిప్పినంత సులువుగా వాటిని తిప్పలేరు. సర్వీస్ బిల్లుల్లో ప్రతిసారీ కిలోమీటర్లు రాసి ఉంటాయి, ఆ వరస ఎక్కడైనా వెనక్కి నడిచిందేమో చూడండి.

బండి పొద్దున్నే చూడాలి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. మీరు వచ్చేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే చల్లటి ఇంజిన్ చేసే చప్పుళ్లూ పొగా ఏవీ మీ దాకా రావు. సీట్ బెల్టు చివరిదాకా లాగండి, లోపల ముడుచుకున్న భాగంలో బురద మరకలు ఉంటే ఆ బండి నీళ్లలో మునిగి ఉండొచ్చు. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంట చూడండి, తుప్పు, ముడతలు, కొత్తగా పూసిన రంగు ఉన్నాయేమోనని. పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ మెకానిక్ దగ్గర ఉంటే ఇంకా మంచిది. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది, పుట్టీ పెట్టి రంగేసిన చోట అది ఇంకా చాలా వందలు పెరిగిపోతుంది, ఒక్కోసారి వెయ్యి కూడా దాటుతుంది. ఒక డోరుకి పుట్టీ ఉందని బండి వదిలేయక్కర్లేదు, రోడ్డు మీద తిరిగే బండికి గీతలు పడతాయి. కానీ అది కాగితం మీదకి ఎక్కాలి.

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి స్కానర్ పెట్టిస్తే ఎర్రర్ కోడ్లు కనిపిస్తాయి. ఒక్క కోడూ లేదని సంబరపడే ముందు ఇంకోటి కూడా చూడమనండి. కోడ్లు ఈమధ్యే చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా, బండి తనకు తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తికాలేదని స్కానర్ చూపిస్తుంది. నిన్న రాత్రే చెరిపేసి మీకు పొద్దున్న చూపిస్తున్నారేమో అక్కడ తెలుస్తుంది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే (కొన్నిటికి బెల్టు బదులు చైన్ ఉంటుంది) అది ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. నడుస్తుండగా ఆ బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి, ఆ రిపేరు ముందు ఇప్పుడు మీరు బేరమాడేదంతా చిల్లర.

ఇవన్నీ మీరే చెయ్యక్కర్లేదు, డీలర్‌కి తెలియని మెకానిక్‌ని ఒకణ్ని డబ్బిచ్చి తీసుకెళ్లండి. "మా మెకానిక్‌కి చూపించుకుంటా" అనగానే డీలర్ మొహం ఏమవుతుందో చూడండి, బండి గురించి సగం కబురు అక్కడే తెలిసిపోతుంది. జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల మార్కెట్‌నే ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశాడు, అలాంటి పనికే 2001లో నోబెల్ పంచుకున్నాడు. బండి సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు, అందుకని కొనేవాడు దేనికైనా సగటు రేటే ఇస్తానంటాడు, ఆ రేటుకి మంచి బండి అమ్మడం గిట్టక మంచి బండ్లవాళ్లు తప్పుకుంటారు అంటాడాయన. దీన్ని తిప్పి చూస్తే మనకి పనికొచ్చే మాట ఒకటుంది. నిజంగా మంచి బండి ఉన్న డీలర్‌కి, అది మంచిదని మీకు రుజువైతేనే లాభం. మెకానిక్ వద్దని అడ్డుపడ్డాడంటే, ఆ బండి ఏ రకమో ఆయనకి ముందే తెలుసేమో.

నా సంగతి కూడా చెప్తాను, నవ్వుకోండి. నా మొదటి సెకండ్ హ్యాండ్ కారు వర్షం పడుతున్న సాయంత్రం చూశాను. తడిసిన బండికి ఏ రంగైనా మెరుస్తుంది, వాన చప్పుడులో సస్పెన్షన్ కటకటలు ఎవరికి వినబడతాయి. నేను మాత్రం బేరం అదరగొట్టాను, ఆయన చెప్పిన రేటు మీద పన్నెండు శాతం తగ్గించాను, నెల రోజులు కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాను. మూడో నెలలో క్లచ్ పోయింది, ఆ వెంటనే ముందు షాకబ్జార్బర్లు. తగ్గించుకున్న పన్నెండూ పోయి పైన ఇంకో ఆరు కట్టాను. ఆ డీలర్ మోసం చేశాడని కూడా అనలేను, ఆయన నాకు అబద్ధమేమీ చెప్పలేదు. నేనే ఏమీ అడగలేదు.

సరే, కాగితం తయారైంది. బండి అంతా బాగుంటే 95 ఇవ్వొచ్చని మీ అంచనా, టైర్లూ బ్రేకులూ కలిపి 5 ఖర్చుంది. అంటే మీ గరిష్ఠం 90. దాన్ని ఎవరికీ చెప్పకండి, వెంట వచ్చే వాళ్లకి మాత్రం తప్పకుండా చెప్పండి, లేకపోతే అక్కడ పక్కనుంచి "పోనీలెండి, ఇంకో రెండు వేద్దాం" అని మనవాళ్లే అంటారు. అలాగే డీలర్ ముందు "రంగు భలే ఉంది కదూ" లాంటి మాటలు వద్దు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, బండి మీద మనసు పడ్డవాణ్ని చూస్తే ఎవరూ రేటు తగ్గించరు.

ఇప్పుడు ఆ "నెలకి ఎంత కట్టగలరు" సంగతి. చాలా మర్యాదగా అడిగే ప్రశ్న, అందుకే ప్రమాదం. 100 అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, మూడేళ్లకి నెలకి 3.32 కట్టాలి, మొత్తం దాదాపు 119.6 అవుతుంది. మీరు 3.32 కష్టమన్నారు. "అయ్యో, దానిదేముందండీ, 2.45 చేసేద్దాం" అన్నాడాయన. మీకు ప్రాణం లేచొచ్చింది. జరిగిందేమిటంటే గడువు ఐదేళ్లయింది, ఆ సందట్లో బండి రేటు 100 నుంచి 110కి పెరిగింది, మొత్తం కట్టేది 146.8. నెలకి తగ్గినట్టే కనిపిస్తూ బండి రేటు పెరిగిన లెక్క ఇది, కాలిక్యులేటర్ తీసి మీరే చేసుకోండి. కాబట్టి ఆ ప్రశ్నకి ఒకటే జవాబు: "అది తర్వాత చూద్దామండీ, ముందు బండి మొత్తం ఎంతో తేల్చండి." లోన్ ముందుగా మీ బ్యాంకులో అడిగి ఉంచుకుంటే ఇంకా ధైర్యం. డీలర్ చూపించే వడ్డీ ఫ్లాట్ రేటా (అంటే అప్పు తీరుతూ వస్తున్నా చివరిదాకా మొదటి మొత్తం మీదే వడ్డీ), తగ్గుతున్న అసలు మీదా అని తప్పక అడగండి, 12 శాతం ఫ్లాట్ అంటే మూడేళ్ల అప్పుకి నిజంగా పడే వడ్డీ దాదాపు 21 శాతం.

పాత కారు సంగతీ అంతే. ఎక్స్‌ఛేంజ్, బండి రేటు, లోన్, ఈ మూడూ ఒకే కాగితం మీద కలిపి మాట్లాడితే ఒకచోట ఇచ్చింది ఇంకోచోట లాగేసుకోవచ్చు, మీకు తెలియను కూడా తెలియదు. మీ పాత కారుకి బయట రెండు చోట్ల రేటు అడిగి ఉంచుకోండి. కొత్తగా కొనే బండి రేటు తేలేదాకా "పాతది అమ్మాలో వద్దో ఇంకా అనుకోలేదు" అనండి. తేలాక అప్పుడు అడగండి.

ఇక నోరు విప్పే ఘట్టం. మీకు చేతకాదన్నారు కాబట్టి మాటలు కూడా నేనే ఇస్తాను. "కొనే ఉద్దేశంతోనే వచ్చాను. ఇలాంటివి బయట ఈ రేట్లకున్నాయి, ఇదిగో లిస్టు. దీనికి చేయించాల్సిన పని ఇది, ఇదిగో ఎస్టిమేట్. అన్నీ కలుపుకుని నేను 86 ఇవ్వగలను." అంతే. ఆ తర్వాత బెల్లం కొట్టిన రాయిలా కూర్చోండి. ఇది చాలా కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే. ఆయన నిట్టూరుస్తాడు, కాలిక్యులేటర్ నొక్కుతాడు, మేనేజర్‌ని అడిగొస్తానని లోపలికి వెళ్తాడు. ఆ ఖాళీలో మొహమాటస్తులు చేసే పని ఒకటుంది, ఎవరూ అడక్కుండానే "పోనీ 88 చేసుకోండి" అనేస్తారు. తనతో తానే బేరమాడుకోవడమన్నమాట. నీళ్లు తాగండి, ఫోన్ చూసుకోండి, ఏమైనా చెయ్యండి, ఆయన అంకె చెప్పేదాకా మీరు ఇంకో అంకె చెప్పకండి. ఆయన 97 అన్నాడంటే ఆ "ఫిక్స్‌డ్" సంగతి తేలిపోయింది. మీరు పెంచేటప్పుడు చిన్న చిన్న అడుగులు వెయ్యండి, ముందు 88, తర్వాత 89, ప్రతిసారీ ఒక కారణంతో.

రేటు నిజంగానే కదలకపోతే వస్తువులు అడగండి. డబ్బు తగ్గించడం కన్నా రెండు కొత్త టైర్లు వేయించడమో, ఫుల్ సర్వీస్ చేయించడమో డీలర్‌కి తేలిక, ఎందుకంటే అవి మనకన్నా ఆయనకి చవగ్గా వస్తాయి. కాకపోతే "డెలివరీ అయ్యాక చేయిద్దాం" అంటే ఒప్పుకోకండి, డబ్బు చేతిలో పడ్డాక ఆ టైర్లు ఎవరికీ గుర్తుండవు. పని పూర్తయ్యాకే చివరి విడత. కుదిరిన రేటు కూడా అన్నీ కలిపి ఒకే అంకెగా కాగితం మీద రాయించండి, పేరు మార్పిడి, ప్రాసెసింగ్, ఇన్సూరెన్స్, ఇంకేవైనా చార్జీలు ఉంటే అవీ. అడ్వాన్స్ ఇస్తే లోన్ రాకపోయినా, మెకానిక్ వద్దన్నా తిరిగిస్తారా అన్నది రసీదు మీద ఉండాలి. నోటిమాట వద్దు.

కొన్నిటికి మాత్రం బేరమే లేదు. చాసిస్ నంబర్ బండి మీద ఒకటి, కాగితాల్లో ఒకటి ఉంటే లేచి వచ్చెయ్యండి (ఆధునిక కార్లకి అది 17 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది, 1, 0లతో తికమక రాకుండా ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ వాడరు, అందుకని అక్కడ అవి కనిపిస్తే అనుమానించాల్సిందే). చాసిస్ వంగేంత ప్రమాదం జరిగినా, నీళ్లలో మునిగినా, మీటర్ తిప్పినట్టు రుజువైనా, లోన్ తీరని బండి అయినా అంతే. "ఇంకో పది తగ్గిస్తే తీసుకుందాంలే" అనిపిస్తుంది అప్పుడు. ఆ పది తగ్గించడానికి ఆయన చాలా హుషారుగా ఒప్పుకుంటాడు కూడా, అందుకే వద్దంటున్నాను.

అలాగని అంతా బాగుండి, రేటు మీ 90కి దగ్గరికొచ్చి 90.5 దగ్గర ఆగితే తెగేదాకా లాగకండి. అర కోసం మంచి బండి వదులుకుని ఇంకో రెండు నెలలు వెతికినవాళ్లని చూశాను.

ఆ సాయంత్రం వచ్చే పెద్దమనిషి గురించి మీకేం టెన్షన్ వద్దు. పది రోజులుగా వస్తూనే ఉన్నాడు, ఇంకా రాలేదు. పైగా బండి నిలవ ఉన్న ప్రతి రోజూ ఖర్చు డీలర్‌దే, మీది కాదు. ఈ వారం రేట్ల లిస్టు తయారు చేసుకోండి, మెకానిక్‌తో మాట్లాడుకోండి, పై వారంలో ఒక రోజు ఫోన్ చెయ్యకుండా పొద్దున షాపు తెరిచే వేళకి వెళ్లండి. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చునే ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉందో చల్లగా ఉందో.